మా రోజుల్లో భక్తి వంటింట్లో మొదలయ్యేది

మీ తరానికి అన్నీ మూడు రోజుల్లో అయిపోవాలర్రా. మొన్న మా మనవడు రంగుల కాగితం ఒకటి తెచ్చి చూపించాడు. ఆత్మీయ ఎదుగుదల మీద మూడు రోజుల సదస్సు. పట్నంలో ఏసీ హాలు, మెడలో బ్యాడ్జీ, చేతికి ఫైలు, రెండు పూటలా భోజనం, ఆఖరి రోజున గ్రూపు ఫోటో. వెళ్ళొచ్చాడు. బాగుంది తాతా అన్నాడు. సోమవారం పొద్దున చూస్తే బైబిలు సంచిలోంచి బయటికే రాలేదు, వాడు మాత్రం చెవుల్లో తీగలు పెట్టుకుని ఆఫీసుకు పరుగు. మా రోజుల్లో ఎదుగుదల కోసం ఎవరూ సభలు పెట్టలేదు. పొద్దున లేస్తే మోకాళ్ళ మీద, రాత్రి పడుకోబోతే మోకాళ్ళ మీద, మధ్యలో పొలం పని. ఏడాది తిరిగేసరికి మనిషిలో కోపం కొంచెమైనా తగ్గిందా, అప్పు తీసుకున్నవాడు మాట నిలబెట్టుకుంటున్నాడా, తాగుడు మానినవాడు మానినట్టే ఉన్నాడా అని ఊరు చూసేది. మాకున్న కొలబద్ద అదొక్కటే.

మాది గుంటూరు జిల్లా డెల్టాలో కాలువ గట్టున ఒక లూథరన్ పల్లె. 1842లో మిషనరీ హయ్యరు దొర గుంటూరులో దిగడంతో ఆ లూథరన్ మిషను మొదలైంది, మా పల్లెదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. గుడి అంటే మీ కళ్ళముందు కదిలే గాజు తలుపులూ, గచ్చు నేలా కాదు. మట్టి గోడలు, తాటాకు కప్పు, పేడతో అలికిన నేల. గంట కొనే స్తోమత లేక వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. పొద్దుగూకే వేళ పంతులుగారు దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేవారు. ఆ చప్పుడు అవతలి గట్టు మీది వరిచేలదాకా వినపడేది. నాట్లకు పోయిన ఆడవాళ్ళు కాలువలో కాళ్ళు కడుక్కుని, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుని, అటునుంచి అటే గుడికి వచ్చేవాళ్ళు. ఇంటికెళ్ళి స్నానం చేసి వద్దామంటే మళ్ళీ కాళ్ళు కదలవు. అలసిన ఒంటితోనే కూర్చునేవాళ్ళు. ఆదివారం ఒక్కరోజు కాదు, రోజూ.

పంతులుగారంటే ఉపదేశి. పగలు బడి చెప్పేవారు, సాయంత్రం ప్రార్థన నడిపేవారు, రాత్రి ఎవరికైనా జ్వరం ముదిరితే వెళ్ళి మంచం పక్కన కూర్చునేవారు. ఆయన మాట పావుగంట దాటేది కాదు. ఒక కథ, ఒక పాట, ఒక ప్రార్థన, అంతే. సోమవారం తప్పిపోయిన కుమారుడి కథ చెబితే మంగళవారం కొత్తది ఎత్తుకునేవారు కాదు. “నిన్నటిది ఎవరు చెబుతారు?” అని అడిగేవారు. చదువురాని మనిషి లేచి తన మాటల్లో చెప్పాలి. ఒకసారి ఒకావిడ ఆ కథే చెబుతూ మధ్యలో ఆగి, “తండ్రి ఎదురు పరుగెత్తాడు సరే, తల్లి ఏం చేస్తోందో లూకాగారు ఎందుకు రాయలేదయ్యా?” అంది. పంతులుగారు చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వు చెప్పమ్మా, నువ్వూ తల్లివేగా” అన్నారు. ఆవిడ కొడుకు బర్మా షెల్ కంపెనీలో పని దొరుకుతుందని మద్రాసు వెళ్ళి ఏళ్ళ తరబడి ఉత్తరం ముక్క రాయలేదు. ఆవిడ చెప్పింది. పొయ్యి ఆరకుండా ప్రతిరాత్రీ ఒక పిడక నివురులో దాచి ఉంచేదట, వాడు ఏ వేళప్పుడు వచ్చినా వేడన్నం పెట్టాలని. ఆ సాయంత్రం గుడిలో కళ్ళు తుడుచుకోని మనిషి లేడు. అంతకంటే మంచి ప్రసంగం నేను ఈ వయసుదాకా వినలేదు.

ఇప్పుడు మీరు పళ్ళు తోముకుంటూ ఒక ప్రసంగం, బస్సులో ఒకటి, వంట చేస్తూ ఒకటి వింటారు. నిదానంగా మాట్లాడే బోధకుణ్ణి వేగం పెంచి మరీ వింటారట, టైము కలిసొస్తుందని. రోజుకు నాలుగు వినేవాణ్ణి పట్టుకుని రాత్రి “ఏం విన్నావురా?” అంటే “చాలా బాగా చెప్పారు తాతా” అంటాడు. ఏం చెప్పారో వాడికి గుర్తుండదు. వరి పండించినవాడెవడూ పైరుకు కావలసిన నీళ్ళన్నీ ఒక్కరోజే కట్టేయడు. పొద్దునా సాయంత్రం గట్టు చూసుకుంటాడు, మడికి ఎంత కావాలో అంత వదులుతాడు, ఎక్కువైతే తూము తీసేస్తాడు. మా పంతులుగారు మాకు వాక్యాన్ని అలా పెట్టారు.

పాటల సంగతి ఎత్తితే నాకు రక్తపోటు పెరుగుతుందని మా ఆవిడ వద్దంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా మీరు? పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారని 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్ముకుని, తెలుగు నేలంతా తిరిగి సువార్త చెప్పిన మనిషి. 1890లో కన్నుమూశారు. ఆయన కట్టిన పాటలు ఇప్పటికీ పల్లె గుళ్ళలో బతికి ఉన్నాయి. మన రాగాల్లో, మన తాళాల్లో, మన భక్తి సాహిత్యం ఎరిగిన నోటితో కట్టారు. ఆ తరువాత ఎందరో ఆ బాటనే నడిచారు. 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు కూడా మా లూథరన్ సంఘంలోంచి వెళ్ళినవారే, ఆయన పాటలు ఏ సంఘంవారైనా పాడతారు. ఆ పుస్తకంలో ఒక వరస ఉంది. దేవుడి గుణాలు, క్రీస్తు పుట్టుక, శ్రమలు, సిలువ, పునరుత్థానం, ఆత్మ, సంఘం, పెళ్ళి, చావు, అన్నిటికీ పాటలున్నాయి. ఏడాది పొడుగునా అవి పాడినవాడికి విశ్వాసమంతా నోట్లో ఉంటుంది. మా నాయనమ్మకు ఓనమాలు రావు. సగం పుస్తకం కంఠతా వచ్చు. దంచుతూ పాడేది, చెరుగుతూ పాడేది, మనవళ్ళ తలకు నూనె రాస్తూ పాడేది. పిల్లలకు జోలపాట కూడా అందులోదే.

మీ పాటల్లో నేను, నాకు, నన్ను, నాది అనే మాటలు తప్ప నాకేమీ వినపడటం లేదు. ఒక్క ముక్కను పది పదిహేను సార్లు తిప్పి పాడతారు. వేదిక మీద నలుగురు పాడుతుంటే కింద నాలుగు వందల మంది చూస్తుంటారు. కీబోర్డు చప్పుడులో పక్కనున్న ముసలావిడ గొంతు ఆవిడకే వినపడదు. మా గుడిలో ఉన్నవి ఒక కంజిర, రెండు జతల తాళాలు. అవి లేని రోజున అరచేతులు. గొంతు బాగున్నవాడూ బొంగురుపోయినవాడూ కలిసి పాడితేనే అది సంఘం పాట అయ్యేది. శ్రుతి తప్పిన మా పెదనాన్నను ఎవరూ వెనక్కి వెళ్ళమనలేదు.

ఈ కంఠతా పట్టడం మీద మీకు చిన్నచూపు. పుస్తకం చేతిలో, ఫోను జేబులో ఉండగా బట్టీ ఎందుకు తాతా అంటారు. ఎందుకో చెబుతాను, వినండి. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన గురించి మీరు చదివే ఉంటారు, వేలమందిని మింగిన రాత్రి. మేము కృష్ణకు ఈ ఒడ్డున. సముద్రం మాదాకా రాలేదు గానీ గాలి వచ్చింది. అప్పటికి మా గుడికి ఇటుక గోడలు లేచాయి, పల్లె మొత్తానికి గట్టి కట్టడం అదొక్కటే. సాయంత్రానికే జనం అందులో చేరారు. ఎన్నడూ మా పల్లె గడప తొక్కని ఊళ్ళోవాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చి మా పక్కనే కూర్చున్నారు. రాత్రి ముదిరేకొద్దీ లాంతర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తలుపులకు బల్లలు అడ్డంపెట్టి మగవాళ్ళం భుజాలు ఆనించి నిలబడ్డాం. ఆ చీకట్లో ఒక మూలనుంచి మా నాయనమ్మ గొంతు లేచింది. పక్కనున్నావిడ అందుకుంది. ఆ తరువాత గుడంతా. ఎవరి దగ్గరా పుస్తకం లేదు, ఉన్నా చూసుకునే వెలుగు లేదు. ఒక పాట అయిపోతే ఇంకొకరు ఇంకోటి ఎత్తుకున్నారు. మధ్యలో పంతులుగారు 23వ కీర్తన మొదలుపెడితే పిల్లలతో సహా అందరూ కలిశారు. తెల్లారేదాకా పాడుతూనే ఉన్నాం. గాలి తగ్గాక బయట చూసింది నేనిక్కడ రాయలేను. ఆ రాత్రి మాలో ఎవరికీ మతి చెదరలేదంటే, సండేస్కూల్లో చింతబరికె చూపించి మా చేత వల్లె వేయించిన ఆ వాక్యాలే కారణం.

ఈమధ్య ఒక ఆదివారం మా గుడిలో కరెంటు పోయింది. పాట మాటలు చూపించే తెర ఆరిపోయింది. పాట రెండో చరణం మధ్యలో ఆగిపోయింది. జనరేటరు అందుకునేదాకా పడుచువాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు మాత్రం ఆపకుండా పాడుతూనే ఉన్నారు. వాళ్ళు పోయాక ఏం చేస్తారర్రా మీరు?

ఇంటి ప్రార్థన దగ్గరికి వస్తాను. అసలు నేను మొదలుపెట్టాలనుకున్నది అక్కడ, పాటల్లో పడి దారి తప్పాను. మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పే తీరులో రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు రాత్రి భోజనం. వాటి వెంట పొద్దున లేవగానే చేసే ప్రార్థన, పడుకోబోయే ముందు చేసేది, అన్నం ముందు, అన్నం తరువాత. ఎక్కడి జర్మనీ, ఎక్కడి మా కాలువ గట్టు! నాలుగు వందల ఏళ్ళు దాటాక ఆ క్రమం మా పూరింట్లో కిరసనాయిలు బుడ్డి ముందు నడిచింది. చాప పరిచేవాళ్ళం. అందరికంటే చిన్నవాడు కంఠత వాక్యం చెప్పాలి. కొంచెం చదువు వచ్చినవాడు అధ్యాయం చదవాలి. అమ్మ పాట ఎత్తుకునేది. నాయన ప్రార్థన చేసేవాడు.

ఆ ప్రార్థన చాలా పొడుగు. మధ్యలో మాకు నిద్ర వచ్చేది, తమ్ముడు చాపమీదే ఒరిగిపోయేవాడు. కానీ ఒక్కో పేరూ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఈనబోయే గేదె కోసం చేసేవాడు. రంగూన్ వెళ్ళి తిరిగిరాని మామయ్య కోసం చేసేవాడు. మా పొలానికి నీళ్ళు మళ్ళనివ్వని ఎగువ రైతు కోసం చేసేవాడు. మాకు అప్పిచ్చిన షావుకారు పేరు కూడా వచ్చేది. వడ్డీ తగ్గించమని కాదు, ఆయన కూతురికి క్షయ పట్టుకుంటే ఆ పిల్లకు నయం చేయమని. చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది, మన పుస్తె తాకట్టు పెట్టుకున్నవాడి కోసం ప్రార్థనేమిటని. శత్రువును ప్రేమించడమంటే ఏమిటో తరువాత ఏ పెద్ద బోధకుడూ నాకు కొత్తగా చెప్పలేదు. రోజూ రాత్రి అది నా తండ్రి నోట విన్నాను. ఇప్పుడు ఎవరికైనా జబ్బు చేసిందంటే వాట్సాప్ గుంపులో చేతులు జోడించిన బొమ్మలు నూటయాభై వచ్చి పడతాయి. వాళ్ళలో ఎంతమంది మోకాళ్ళు నేలకు ఆనాయో దేవుడికి తెలుసు. ఆ జబ్బు మనిషి గుమ్మం ముందుకు వచ్చి నిలబడినవాళ్ళు ఇద్దరు కూడా ఉండరు.

ఇక పిడికెడు బియ్యం. ఈ మాట వినని పిల్లలు కూడా ఉన్నారని తెలిసి నాకు బాధేసింది. పూట పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. దేవుని పిడికెడు. తీసేటప్పుడు ఒక చిన్న ప్రార్థన, పెదవులు కదిలేవి, అంతే. బియ్యం లేక నూకలు వండిన రోజున పిడికెడు నూకలు తీసేది. అంబలి తాగిన రోజున ఏమీ తీయలేకపోతే ఆ రోజంతా ముభావంగా ఉండేది. ఆదివారం ఆ కుండను చెంగు చాటున పట్టుకుని గుడికి తెచ్చి, స్త్రీల సమాజం తట్టలో పోసేది. ఎవరు ఎంత పోశారో ఎవరికీ తెలియదు. అన్నీ కలిసి కొలిచి అమ్మి, వచ్చిన డబ్బుతో పంతులుగారి జీతంలో కొంత, దిక్కులేని విధవరాలికి కొంత. భోజనం మనది కాదు, దేవుడిచ్చింది అని మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. రోజూ అమ్మ చెయ్యి చూశాం.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయన. బీద పల్లె సంఘం కూడా ఇవ్వడం నేర్చుకోవాలని పట్టుబట్టిన మనిషి, క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరు మీద ఒక పుస్తకమే రాశారు. బీదవాళ్ళకు ఇవ్వడం నేర్పడమేమిటని అడగకండి. ఎప్పుడూ చెయ్యి చాపే మనిషి ఎదగడు, ఇచ్చిన రోజున తల ఎత్తుకుంటాడు. మా అమ్మ ఆ తట్టలో బియ్యం పోసి వెనక్కి వచ్చేటప్పుడు నడిచే నడక నేను చూశాను. అది దాత నడక. మిజోరాం క్రైస్తవులు 1910లో ఈ పిడికెడు బియ్యం పద్ధతి పట్టుకుని ఇవాళ్టిదాకా వదల్లేదు. ఊళ్ళు పట్నాలైనా, పొయ్యిలు గ్యాసైనా, వాళ్ళ వంటిళ్ళలో ఆ డబ్బా ఉంది. మనం వదిలేశాం. మన గుడి గుమ్మంలో ఇప్పుడు ఫోన్‌పే గళ్ళ బొమ్మ అతికించారు. కానుక వెళ్ళిపోతుంది, సరే. పక్కనున్న పసివాడు ఏం చూస్తాడు? వాళ్ళ నాన్న ఫోను నొక్కడం చూస్తాడు. నాన్న రోజంతా చేసేది అదేగా. మా అమ్మ చెంగు ముడి విప్పి, అణా తీసి, నా చేతిలో పెట్టి, సంచిలో నా చేతనే వేయించేది. ఆ అణాకు ఉండలు కొనుక్కోవచ్చని నాకు తెలుసు. తెలిసి వేయడం నేర్చుకున్నాను.

అజరయ్య గారి గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. బాప్తిస్మం పొందినవాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీద వాళ్ళచేతనే పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని అపొస్తలుడైన పౌలు చెప్పిన భావాన్ని గట్టిగా పలికించేవారు. కూలివాడు, పశువుల కాపరి, చదువురాని ఇల్లాలు, ఎవరైనా సరే. ఆ బాధ్యత వాళ్ళ నెత్తిన వాళ్ళ చేత్తోనే పెట్టారన్నమాట. ఇప్పుడు సువార్త అంటే లైవు పెట్టే అయ్యగారి పని, మనం లైకు కొడితే చాలనుకుంటున్నారు.

ప్రభు రాత్రి భోజనం నెలకొకసారి. దానికి ముందు శనివారం రాత్రి తయారీ కూడిక ఉండేది, అది లేని బల్ల మాకు తెలియదు. పెద్దలు అడిగేవారు, ఎవరి మధ్యనైనా మాటలు లేవా అని. ఊరికే అడగడం కాదు, వాళ్ళకు ముందే తెలుసు. ఒకసారి మా చిన్నాన్నకూ పక్కింటాయనకూ గట్టు తగాదా. రెండు పంటల కాలం పలకరింపులు లేవు. పంతులుగారు ఇద్దర్నీ గుడి వరండాలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో లాంతరు పెట్టి, తాను లోపలికి వెళ్ళి మోకరించారు. అర్ధరాత్రి దాకా ఇద్దరూ నోరు విప్పలేదు. పంతులుగారూ లేవలేదు. చివరికి మా చిన్నాన్న, “ఆయన మోకాళ్ళు పోతాయిరా, కానీయ్” అన్నాడు. పక్కింటాయన నవ్వాడు. పొద్దున ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడ్డారు, తరువాత ఆ గట్టు మీద ఇద్దరూ కలిసి కందులు వేశారు. ఇప్పుడు తగాదా పడ్డవాడు సంఘం మారిపోతాడు. వీధికి రెండు మందిరాలున్నాయి, ఒకచోట నచ్చకపోతే ఇంకోచోట కుర్చీ సిద్ధం. క్షమించాల్సిన అవసరమే రాకపోతే క్షమించడం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఉపవాస ప్రార్థన అని శుక్రవారాలు పెడుతున్నారు, సంతోషమే. ముగిశాక బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. మా ఆడవాళ్ళు ఉపవాసం ఉంటే ఆ పూట మిగిలిన గింజలు ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి చేరేవి. శ్రమకాలం నలభై రోజులూ మా ఇంట్లో మాంసం లేదు, పెళ్ళి మాట లేదు. శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన మిట్టమధ్యాహ్నం మూడు గంటలు, ఫ్యాను లేదు. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొట్టి, తెల్లవారుజామున అక్కడే నిలబడి లేచిన ప్రభువును పాడేవాళ్ళం. మా నాయనమ్మ తన భర్త సమాధి మీద చెయ్యి పెట్టి పాడేది. పునరుత్థానాన్ని అంత దగ్గర్నుంచి నమ్మిన మనిషిని మళ్ళీ చూడలేదు. కోత పండగకు మొదటి గుమ్మడికాయ, మొదటి గెల, బలిసిన కోడిపుంజు గుడికే. క్రిస్మసుకు పెట్రోమాక్సు లైటు నెత్తిన పెట్టుకుని మంచులో ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ఇప్పుడు ఆటోలో డీజే పెట్టెలు వస్తున్నాయి, గర్భిణీ స్త్రీలు కిటికీలు మూసుకుంటున్నారు.

మెదక్ గుడి చూడటానికి పిల్లలతో వెళ్ళాను. కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి, 1924 డిసెంబరు 25న తెరిచారు. ఆకలితో ఉన్నవాళ్ళ చేతులు ఎత్తిన రాళ్ళవి. ఆ రంగుల అద్దాల కిటికీల ముందు కాసేపు ఊరికే నిలబడండర్రా అన్నాను. కిటికీకి వీపు పెట్టి ఫోటోలు దిగారు. పోనీలే, వచ్చారు కదా.

మీరు పెద్ద పెద్ద అంకెలు చెబుతారు. ఫలానా సభకు ఇన్ని లక్షల మంది, ఫలానా ఛానెలుకు ఇన్ని లక్షల మంది అని. అంకెలు మాకూ ఉన్నాయి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మనుషులు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కానీ దాని ముందు జరిగింది తెలుసా? కరువులో అన్నం కోసం వస్తున్నారేమోనని ఆయన ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. కరువు పనికింద బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వించే గుత్త తీసుకుని, ఆ కూలీల మధ్యనే వాక్యం చెప్పించారు. ఇక ఆ రోజు తరువాత జరిగింది ఇంకా పెద్ద పని. ఆ వేలమంది తమ తమ పల్లెలకు వెళ్ళిపోయారు. ప్రతి పల్లెకూ ఒక ఉపదేశి కావాలి, ఒక బడి కావాలి, ఎవరైనా రోజూ సాయంత్రం కూర్చోబెట్టి ఒక కథా ఒక పాటా నేర్పాలి. తరాలు పట్టింది. గుండ్లకమ్మ ఒడ్డున జరిగింది పుస్తకాల్లో ఉంది. ఆ తరువాత దీపం బుడ్డి పట్టుకుని పల్లెలు తిరిగిన ఉపదేశుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు చాలామటుకు ఎక్కడా లేవు. మన విశ్వాసం నిలబడింది వాళ్ళ మీద.

ఇవన్నీ విని మా మనవరాలు, “అప్పట్లో అన్నీ మంచివేనా తాతయ్యా? ఆడవాళ్ళను గుడిలో పాఠం చదవనిచ్చారా?” అని అడిగింది. చదవనివ్వలేదు. మా అమ్మకు అంత వాక్యం తెలిసి కూడా ఒక్కనాడూ గుడిలో బైబిలు చదవలేదు, అది నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. ఈ పిల్ల మొన్న ఆదివారం పత్రిక పాఠం చదివితే గుడి నిశ్శబ్దమైపోయింది. అంత చక్కగా చదివింది. అంతేకాదు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ రోజూ రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ నాయనమ్మకు వీడియో కాల్ చేసి ఒక కీర్తన చదివి వినిపిస్తుంది. మా ఆవిడకు చూపు తగ్గింది. తొమ్మిది కొట్టేసరికి ముసుగు సర్దుకుని కూర్చుంటుంది. ఫోనులో ప్రార్థనేమిటి అని మొదట గొణిగాను, ఇప్పుడు నేనూ కుర్చీ దగ్గరికి జరుపుకుంటున్నాను. అయినా సరే, మిగతా ఇరవై మూడు గంటలూ ఆ ఫోను చేసే చెడుపు మాత్రం నేను ఒప్పుకోను.

కాబట్టి సదస్సులకు వెళ్ళండి, వద్దనను. కానీ ఈ రాత్రి టీవీ కట్టేయండి. చాప పరవండి, కుర్చీలు వద్దు. ఇంట్లో అందరికంటే చిన్నవాడి చేత 23వ కీర్తన చదివించండి. తడబడితే తడబడనివ్వండి, దిద్దకండి. ఒక పాత కీర్తన పాడండి. రాకపోతే ఇంట్లో ముసలివాళ్ళను అడగండి, ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నారు. మీతో మాటలు లేని మనిషి పేరు ఒక్కటి ప్రార్థనలో పలకండి. రేపు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టండి. రేపు రాత్రి మళ్ళీ కూర్చోండి.